హవల్దార్ తిరుమలేష్ వేడి

ఢిల్లీ పాలంలో మా ఇంటి కింది వాటాలో తిరుమలేష్ నాలుగేళ్లు ఉన్నాడు. సైన్యంలో మెకానిక్ హవల్దారు. కంటోన్మెంటులో క్వార్టరు దొరకక భార్యనూ కూతురినీ తీసుకుని మా ఇంట్లో దిగాడు. ఏడాదికే క్వార్టరు వచ్చింది. అయినా కదల్లేదు. "ఈడ తాత కోతలు వినొచ్చు, ఆడేముంది?" అన్నాడట యూనిట్‌లో. ఆ మాట ఎవరో మోసుకొచ్చి నాకు చెబితే వారం రోజులు గర్వంగా తిరిగాను.

కోతలు కోయడం నాకు గుంటూరు కాన్వెంటులో అబ్బిన విద్య. సిస్టర్లు నేర్పింది ఇంగ్లీషు వ్యాకరణం. వాళ్ల బెత్తం తప్పించుకోవడానికి మొహం మారకుండా అబద్ధం చెప్పడం నాకు నేను నేర్చుకున్నాను. ఢిల్లీ వచ్చి రైల్వే పార్సిల్ ఆఫీసులో ముప్ఫయ్యేళ్లు పనిచేసినప్పుడు మొదటిదానికంటే రెండోదే ఎక్కువ అక్కరకొచ్చింది. రిటైరయ్యాక సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని ఆ విద్యను కింది వాటావాళ్ల మీద ప్రయోగించేవాణ్ణి.

తిరుమలేష్‌ది గిద్దలూరు దగ్గర పల్లె. అతనికి పదేళ్లప్పుడు తండ్రి పోయాడు. తమ్ముడు రంగనాథ్‌కి అప్పుడు నాలుగేళ్లు. తల్లి ఇద్దర్నీ వెంటబెట్టుకుని కూలికి పోయి పెంచింది. పంతొమ్మిదో ఏట భర్తీకి వెళ్లి, బూట్లు లేక వట్టి కాళ్లతో పరుగెత్తి సైన్యంలో చేరాడు. నాలుగేళ్ల తర్వాత తమ్ముణ్ణీ తీసుకెళ్లి అదే లైన్లో నిలబెట్టాడు. లేహ్‌లో గడ్డకట్టిన డీజిలు ట్యాంకుల కింద స్టవ్వు పెట్టి బండ్లు కదిలించిన మనిషి. ఆదివారం వస్తే మా మెట్ల మీద పేపరు పరిచి నా బజాజ్ స్కూటరు కార్బురేటరు విప్పుకుని కూర్చునేవాడు. ప్యాంటు మడత మాత్రం నలిగేది కాదు. తన యూనిఫారం తానే ఇస్త్రీ చేసుకునేవాడు. భార్య నాగేంద్రమ్మను ముట్టుకోనిచ్చేవాడు కాదు.

అతనికి ఒకే ఒక్క కోరిక ఉండేది. భుజం మీద నక్షత్రం. హవల్దారు నుంచి నాయబ్ సుబేదారు అయితే ఆ నక్షత్రం వస్తుంది. దానితోపాటు పిలుపు మారుతుంది. అప్పటిదాకా పేరు పెట్టి పిలిచినవాళ్లు 'సాబ్' అంటారు. 2005లో అతని పేరు లిస్టులోకి వచ్చింది. నవంబరు ఒకటిన ఖాళీ. ఇక అడ్డు వచ్చేది ఆరోగ్యమొక్కటే. సైన్యంలో ఒంటికి కూడా మార్కులుంటాయి. అన్నీ బాగుంటే 'షేప్ వన్' అని రాస్తారు. ఒక్కటి తగ్గినా 'కేటగిరీ పడింది' అంటారు. కేటగిరీ పడినవాడి ప్రమోషను ఆగిపోతుంది. అందుకే లిస్టులో ఉన్నవాడు దగ్గు వచ్చినా దిండులో దగ్గుతాడు.

ఆ ఏడు ఏప్రిల్లో ఒక సాయంత్రం కరెంటు పోయి అందరం మెట్ల మీద ఉన్నాం. తిరుమలేష్ స్పానరు తుడుచుకుంటూ మామూలుగా అడిగాడు.

"తాతా, దొడ్డికి పోయినప్పుడు నెత్తురు పడితే వేడే గదా?"

"ఎవరికి?"

"మా యూనిట్‌లో ఒకడు. మనోడే. రెండు పూటలా గోధుమ రొట్టెలు తినేసరికి వేడి చేసింది."

ఢిల్లీలో ఉన్న తెలుగువాళ్లకు ఇది పాఠం చెప్పినట్టు వచ్చు. అన్నం చలవ, గోధుమ వేడి. కళ్లు మండితే వేడి, పొక్కులు లేస్తే వేడి, జుట్టు రాలితే వేడి. నెత్తురు పడితే అది కూడా వేడే. నాకు వెంటనే కథ తన్నుకొచ్చింది.

"కాజీపేటలో ఒక ఇంజను డ్రైవరు ఉండేవాడయ్యా, ఇరవయ్యేళ్లు బాయిలరు పక్కన కూర్చుని కూర్చుని ఒళ్లంతా నిప్పుకణిక అయిపోయాడు. కుర్చీలో కూర్చుంటే కుర్చీకి పొగలొచ్చేవి. వాడికీ నెత్తురే. ఏడు కుండల మజ్జిగలో సబ్జా గింజలు నానబోసి వరసగా నలభై రోజులు తాగాడు. నలభై ఒకటో రోజు వాడు ప్లాట్‌ఫారం మీద నడిచిపోతుంటే వెయిటింగ్ రూములో వాళ్లు శాలువాలు కప్పుకున్నారు!"

తేజశ్రీ, వాళ్ల పదకొండేళ్ల పిల్ల, "ఝూఠ్! తాతాజీ, సఫేద్ ఝూఠ్!" అని, పచ్చి అబద్ధమని హిందీలో అరుస్తూ గెంతింది. నాగేంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తిరుమలేష్ కూడా నవ్వాడు. "సబ్జా గింజలు ఈడ దొరుకుతాయా?" అని మాత్రం అడిగాడు. కరోల్ బాగ్‌లో మద్రాసీ కొట్టుంది, అక్కడ దొరుకుతాయన్నాను.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం నాగేంద్రమ్మ పైకి వచ్చింది. పెరుగు తోడు కావాలంది. ఇచ్చాను. వెళ్లకుండా గుమ్మం పట్టుకుని నిలబడింది.

"తాతా, ఆ డ్రైవరు ఎన్ని కుండలు తాగినాడన్నావు?"

"ఏ డ్రైవరమ్మా?"

"అదే, కాజీపేటాయన. రోజుకు ఏడా, మొత్తంమీద ఏడా?"

నేను నవ్వబోయి ఆగాను. ఆమె మొహంలో నవ్వు లేదు.

"ఎందుకమ్మా?"

"ఈయన మేనెల కాడి నుంచి తాగుతాండాడు. రొట్టె మానేసినాడు. నెత్తురు తగ్గలా. నేనేమో లెక్క తప్పినామేమో అనుకుంటి."

నేను కుర్చీలో కూర్చున్నాను. ఆమే మిగతాది చెప్పింది. మజ్జిగతో తగ్గకపోతే జూలైలో ఘాజియాబాద్ వెళ్లాడు. రైలు పట్టాల పక్కన గోడల మీద 'బవాసీర్, ఒక్క పూటలో గ్యారంటీ' అని సున్నంతో రాసి ఉంటుంది చూశారా, అట్లాంటి ఒక దవాఖానాకు. వాళ్లు బవాసీరన్నారు, అంటే మొలలు. రెండుసార్లు దారం కట్టారు, పూతమందిచ్చారు. యూనిట్‌లో సెలవు అడిగితే కారణం రాయాలి కనక ప్రతిసారీ ఆదివారమే వెళ్లాడు.

"యూనిట్ డాక్టరుకు చూపించలేదా?"

"వొద్దన్నాడు తాతా. కేటగిరీ పడతాదంట."

సాయంత్రం తిరుమలేష్ వచ్చేదాకా వాకిట్లో నిలబడ్డాను. బెల్టుకు కొత్తగా మూడు రంధ్రాలు పొడుచుకున్నాడు. మేకుతో పొడిచిన రంధ్రాలు. అంతకు ముందు నా కళ్లెక్కడున్నాయో తెలియదు.

"ఆ డ్రైవరు లేడురా. అంతా నేను అల్లిన అబద్ధం."

"నాకు తెల్దా తాతా?" అన్నాడు. "కుర్చీకి పొగలొచ్చినాయన్నప్పుడే తెలుసు. కానీ మజ్జిగ మంచిదే గదా."

సైన్యానికి తెలియకుండా బయట చూపిస్తానంటేనే ఒప్పుకున్నాడు. జనక్‌పురిలో నాకు తెలిసిన నర్సింగ్ హోం ఉంది. అక్కడ డాక్టర్ సబర్వాల్ అని ఒకావిడ కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూస్తుంది. గురువారం రమ్మన్నారు. ముందురోజు ఉప్పూ నిమ్మా కలిపినట్టుండే నీళ్లు రెండు లీటర్లు తాగించారు. "తాతా, ఈడ కూడా కుండలే" అన్నాడు బాత్రూముకు పరుగెత్తుతూ. నవ్వించడానికే అన్నాడు.

గదిలోకి తీసుకెళ్లే ముందు డాక్టరు నా ఎదుటే ప్రశ్నలు వేసింది. ఎన్నాళ్ల నుంచి, ఎట్లా మొదలైంది అని.

"గర్మీ హో గయీ థీ, మేడమ్."

"గర్మీ?" ఆమె తల ఎత్తింది. "ఘర్ మే కూలర్ నహీ హై?"

మనకు 'వేడి చేసింది' అంటే ఎంత రోగ చరిత్రో, హిందీలోకి వచ్చేసరికి అది వట్టి ఎండాకాలం అయిపోయింది. నేను కల్పించుకుని ఇంగ్లీషులో చెప్పాను: ఆరు నెలలుగా రక్తం, బరువు తగ్గడం. ఆమె కలం వేగంగా కదిలింది.

"మీ నాన్నగారున్నారా?"

"లేడు మేడమ్. నా పదేళ్లప్పుడు పోయినాడు."

"దేంతో?"

తిరుమలేష్ నా వైపు చూశాడు. "ఆయనకూ వేడే తాతా. నెత్తురు పోయి పోయి చచ్చిపోయినాడు. చెప్పు."

చెప్పాను. అప్పటికి తండ్రి వయసెంత అని అడిగింది. నలభై ఒకటి. ఆమె కలం కాగితం మీద ఆగింది.

ముప్పావు గంట తర్వాత నన్నొక్కణ్ణే పిలిచింది. చేతిలో ఎర్రటి ఫోటో. పేగు లోపల పుట్టగొడుగు మొలిచి పగిలినట్టుంది. గొట్టం దాన్ని దాటి పైకి పోలేదట.

"పెద్దాయనా, దీనికి గొట్టం కూడా అక్కర్లేదు," అంది. "గ్లవ్ వేసుకుని వేలు పెట్టి చూస్తే తగిలే చోటుంది. దారం కట్టినవాడు ఒక్కసారి వేలు పెట్టి చూడలేదా?"

బల్ల మీద పొడవాటి రిజిస్టరు ఉంది. ఆమె దాన్ని నా వైపు తిప్పింది. పేరు, వయసు, ఏమని వచ్చారు, ఏం కనిపించింది. నేను పార్సిల్ ఆఫీసువాణ్ణి. గళ్ల పుస్తకం చదవడం నాకెవరూ నేర్పక్కర్లేదు. ఎర్ర సిరాతో గీత గీసినవి, అంటే ఇట్లాంటి గడ్డ కనిపించినవి, ఆ ఏడాదిలో పదకొండు. వయసులు ముప్ఫయి నాలుగు, ఇరవై తొమ్మిది, నలభై రెండు, అరవై ఏడు, ముప్ఫయి ఎనిమిది... 'ఏమని వచ్చారు' అన్న గడిలో పదకొండు చోట్లా ఒకే మాట: పైల్స్.

"నేను చదివిన పుస్తకాల్లో ఇది ముసలివాళ్ల జబ్బు," అంది. "నా గదికి వచ్చేవాళ్లను చూస్తే ఇదీ. దాదాపు అందరికీ కింది కొసలోనే, ఎడమ పక్కనే. అందరూ ఏడాది ఆలస్యంగానే వస్తారు." పన్నెండో ఎర్ర గీత నా ముందే గీసింది. తర్వాత, "ఇతనికి తమ్ముళ్లున్నారా?" అంది.

"ఒకడున్నాడు. జోధ్‌పూర్‌లో. సైన్యమే."

"రమ్మనండి. నెత్తురు పడకపోయినా సరే, రమ్మనండి."

గడ్డ నుంచి తీసిన ముక్క పరీక్ష రిపోర్టు ఇంగ్లీషులో వచ్చింది. తిరుమలేష్ దాన్ని నా చేతిలో పెట్టి పక్కనే కూర్చున్నాడు. అందులో ఒక్క మాట మీద వేలు పెట్టాడు.

"మోడరేట్ అని ఉండాది గదా తాతా. అంటే మధ్యస్థం. మరీ ఎక్కువ కాదు, అంతే గదా?"

అది క్యాన్సరు కణాల తీరు గురించి రాసిన మాట. నేను కళ్లద్దాలు తుడుచుకుని, "అంతే," అన్నాను. నాగేంద్రమ్మతో అతను పుండు అని చెప్పాడు. ఆమె నా వైపు చూసింది. నేను మళ్లీ కళ్లద్దాలు తుడుచుకున్నాను.

స్కాన్‌లో కాలేయం నిండా మచ్చలు కనిపించాయి. డాక్టర్ సబర్వాల్ దాచలేదు. రేపే సైనిక ఆసుపత్రికి వెళ్లమంది. తిరుమలేష్ అటెన్షన్‌లో నిలబడ్డట్టు నిలబడి విన్నాడు. తర్వాత అడిగాడు.

"నవంబరు ఒకటి దాకా ఆగొచ్చా మేడమ్? అయిదు వారాలు."

"ఎందుకు?"

అతను భుజం మీద వేలితో తట్టి చూపించాడు. ఆమెకు అర్థం కాలేదు. నేను వివరించాను. ఆవిడ స్కాన్ ఫిల్మును మళ్లీ లైటు ముందు పెట్టింది.

"నిజం చెప్పాలంటే, కాలేయంలో ఇన్ని మచ్చలు వచ్చాక అయిదు వారాలకు పెద్ద తేడా ఉండదు. కానీ పేగు మూసుకుపోతే మాత్రం ఆ పూటే ప్రాణం మీదికొస్తుంది. నేను ఆగమని చెప్పను."

మెట్లు దిగుతూ తిరుమలేష్ నా వీపు మీద చరిచాడు.

"తేడా ఉండదంట తాతా!"

పరీక్ష పాసైన పిల్లవాడి మొహం అది. ఆ మాటకు అర్థం అతనికి తెలియలేదని అప్పుడనుకున్నాను. ఇప్పుడు అట్లా అనుకోవడం లేదు.

అతని కమాండింగ్ ఆఫీసరు ఆఫీసు మా ఇంటికి రెండు కిలోమీటర్లు. స్కూటరు మీద ఆరు నిమిషాలు. వెళ్లి ఒక్క మాట చెబితే ఆ మధ్యాహ్నానికే ఆసుపత్రిలో పడుకోబెట్టేవారు. రెండుసార్లు స్కూటరు బయటికి తీశాను. అతను చక్కగా ట్యూను చేసిన స్కూటరు. ఒక్క కిక్కుకే స్టార్టయ్యేది. రెండుసార్లూ పాలం రైల్వే ఫాటక్ దాకా వెళ్లి వెనక్కి తిప్పాను. ఎందుకు వెళ్లలేదని నాగేంద్రమ్మ నన్ను ఈ రోజు వరకూ అడగలేదు.

జోధ్‌పూర్‌కు మాత్రం రెండు ఉత్తరాలు రాశాను, మూడుసార్లు ఫోన్ చేశాను. రంగనాథ్ ప్రతిసారీ, "అట్టనే తాతా, సెలవు దొరికితే వస్తా" అన్నాడు.

ఆ అయిదు వారాలూ తిరుమలేష్ గంజి తాగి డ్యూటీకి పోయాడు. పొద్దున పరుగులో వెనకబడకుండా ఏం చేశాడో నాకు తెలియదు. నవంబరు ఒకటిన నక్షత్రం పెట్టారు. యూనిఫారంలో నేరుగా పైకి నా దగ్గరికే వచ్చాడు. కాలర్ మెడ చుట్టూ వదులుగా వేలాడుతోంది. కానీ ఇస్త్రీ మడత మాత్రం కత్తిలా ఉంది.

"సెల్యూట్ కొట్టు తాతా. సాబ్‌ను."

కొట్టాను. తేజశ్రీ వీధిలో ఇంటింటికీ లడ్డూలు పంచుతూ, "మేరే పాపా సాబ్ బన్ గయే" అని చెప్పుకుంటూ పోయింది.

ఎనిమిదో తారీకున కడుపు డోలులా ఉబ్బింది. వాంతులు ఆగలేదు. సైనిక ఆసుపత్రిలో కోసి, పొట్ట పక్కన దారి చేసి సంచీ తగిలించారు. కేటగిరీ ఏ స్థాయికి పడిందో రాసిన కాగితం మంచం కొసన వేలాడదీశారు. అతను దాన్ని చూసి, "ఇంక ఎంత పడితే మాత్రమేంది," అన్నాడు. మందులు ఎక్కించారు. జుట్టు పోయింది. నాగేంద్రమ్మకు అక్కడి నర్సులు చెప్పేదాకా పుండు కాదని తెలియదు. తెలిసిన రోజు ఆమె అతని మంచం పక్కన కూర్చుని ఒక్క మాట అంది.

"నాకు చెప్పుంటే నీ నక్షత్రం నేను పీక్కుపోతానా?"

"పీక్కుపోతావనే చెప్పలా," అన్నాడు. తర్వాత నన్ను చూసి నవ్వాడు. "తాతా, ఇంకమీదట దీన్ని సాబ్ భార్య అంటారు. హవల్దారు పెళ్లామని ఎవరూ అనరు."

ఆమె లేచి, సంచీ మార్చమని నర్సును పిలవడానికి వెళ్లింది.

జనవరిలో తేజశ్రీ ఆసుపత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని, "పాపా ఠీక్ హో జాయేంగే నా, తాతాజీ?" అని అడిగింది. జీవితంలో అబద్ధం కావలసి వచ్చిన ఒక్క రోజు నాకు నోరు పెగల్లేదు. పిల్ల నా మొహం చూసి చెయ్యి వదిలేసింది.

మార్చి పదకొండున పోయాడు. ముప్ఫయి తొమ్మిది నిండి నెల. తుపాకులు తలకిందులుగా పట్టుకుని నిలబడ్డారు, బ్యూగిల్ ఊదారు. కాగితాల్లో 'నాయబ్ సుబేదార్' అనే రాశారు.

రంగనాథ్ వచ్చింది అప్పుడే. అన్న ముక్కే. అదే చెవులు, అదే ఇస్త్రీ మడత. పదకొండు రోజులూ గడిచాక అతన్ని పైకి పిలిచి కూర్చోబెట్టాను. కథలేవీ చెప్పలేదు. రిజిస్టరులో చూసింది చూసినట్టు చెప్పాను. మీ నాన్న నలభై ఒకటి, మీ అన్న ముప్ఫయి తొమ్మిది, నీకు ముప్ఫయి మూడు.

"నీకు నెత్తురు పడుతోందా?"

"లేదు తాతా." నేల వైపు చూస్తూ చెప్పాడు. తర్వాత, "ఎప్పుడన్నా. ఎండాకాలంలో," అన్నాడు.

"గురువారం పొద్దున పదింటికి చెప్పి పెట్టాను. నీ యూనిట్‌కు తెలియదు. పేరు కావాలంటే నా మనవడి పేరు రాయిద్దాం. చిన్న మొలక ఉంటే ఆ గొట్టంతోనే తీసేస్తారట. సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు."

"వచ్చే ఏడు నా పేరు లిస్టులోకి వస్తాండాది తాతా. ఎట్టనో బయటపడిందనుకో, కేటగిరీ..."

"మీ అన్నను చూసి కూడా ఆ మాటేనా?"

అతను తల ఎత్తి సూటిగా చూశాడు. ఎదురు చెప్పే మనిషి కాదు. నాకు అర్థమయ్యేట్టు చెప్పాలన్నట్టు చూశాడు.

"అన్నకు నక్షత్రం వచ్చింది గదా తాతా."

గుమ్మంలో నాగేంద్రమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. "పో రంగా, నీకు పుణ్యముంటాది, పోయిరా" అంది. వదిన మాట కాదనలేక సరేనన్నాడు. బుధవారం ఆ రెండు లీటర్ల నీళ్ల పొడి నేనే తెచ్చి ఇచ్చాను. కలుపుకుంటానని తీసుకున్నాడు.

గురువారం పొద్దున అన్న యూనిట్ బ్యారక్‌లో చిన్న పని చూసుకుని నేరుగా జనక్‌పురి వస్తానని రాత్రే చెప్పాడు. నేను తొమ్మిదిన్నరకే వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. పదయింది. పదింబావుకు నాగేంద్రమ్మ నర్సింగ్ హోంకు ఫోన్ చేసి నన్ను పిలిపించింది. తెల్లవారే పెట్టె సర్దుకుని పోయాడట. జోధ్‌పూర్ బండి ఎక్కి ఉంటాడట. మందు పొడి ప్యాకెట్టు విప్పకుండా దిండు మీద పెట్టి పోయాడట.

ఫోను పెట్టి బెంచీ దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి మనిషి వచ్చి నా మనవడి పేరు పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచాడు. నేను లేచి, రాలేదని చెప్పాను.

"ఆయేగా క్యా బాద్ మే?"

తర్వాతైనా వస్తాడో లేదో తెలియదన్నాను. అతను గళ్ల కాగితం మీద ఆ పేరు కొట్టేసి తర్వాతి పేరు పిలిచాడు. నా పక్కన కూర్చున్న అమ్మాయి లేచింది. పాతికేళ్లుంటాయి. వెంట వచ్చిన అత్తగారు ఆ మనిషితో గట్టిగా, వరండా అంతా వినబడేట్టు చెబుతోంది, ఏమీ లేదు భయ్యా, బవాసీర్ ఉంది, అంతే, తొందరగా చూసి పంపించండి, ఇంట్లో పనుంది అని.